చేదతాడు లెక్క

కామాఠీపుర, పదమూడో గల్లీ,
బొంబాయి
13 జనవరి 1985

చెల్లె అంజమ్మకు అన్న మొగులయ్య ముచ్చట.

నా మోకాలు అట్లాగే ఉంది. మిగతా మనిషి బాగున్నాడు. నీ కొడుకు లచ్చయ్య పోయిన ఆదివారం వచ్చి నా గదిలో ఒక పూట పడుకుని పోయాడు. వాళ్లు కట్టే బిల్డింగు పద్నాలుగో అంతస్తుకు వచ్చిందట. పైన నిలబడి చూస్తే సముద్రం గోడలాగా నిలువుగా కనిపిస్తుందన్నాడు. నేను నోరు తెరుచుకుని విన్నాను. నేను రాళ్లు మోసిన కాలంలో నాలుగో అంతస్తే ఆకాశం.

పొడుగు ఉత్తరం రాయడం నాకు చేతకాదని నీకు తెలుసు. ఈసారి తప్పలేదు.

లచ్చయ్య గుంపు అంతా మన పాలమూరు దిక్కు వాళ్లే. రోజుకు పదకొండు రూపాయలు. ఈ రేటుతో బతకలేమని యూనియన్ వాళ్లు అర్జీ పెట్టి పంతొమ్మిది అడిగారు. సర్కారు ముగ్గురు పెద్దలతో కమిటీ వేసింది. ఒక కుటుంబం బతకడానికి నెలకు ఏమేం కావాలి, దేనికెంత అవుతుంది, ముందు అది రాసి తెండి, రేటు సంగతి తరువాత అన్నారట ఆ పెద్దలు.

యూనియన్ ఆఫీసు గుమాస్తా శంకర్రావు ఆ ఫారం తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. ఈ గల్లీలో పుట్టినవాడే. తెలుగు మాట్లాడతాడు, చదివింది మాత్రం మరాఠీ బడి.

"కాకా, నువ్వు నాలుగేండ్లు చదివినవ్ కదా. జర నింపు."

"నాకేమెరుక బిడ్డా?"

"తినుడు ఎరుక లేదా? కట్టుకునుడు ఎరుక లేదా? గంతే. అదే రాసుడు."

అంజమ్మా, ఆ ఫారంలో డెబ్బై రెండు వరుసలు ఉన్నాయి. జొన్నలు, పప్పు, నూనె, సబ్బు, చెప్పులు, కంబళి, దీపం. అరవై ఎనిమిదో వరుసలో ఉత్తరాలు. డెబ్బై ఒకటిలో వినోదం. అదేమిటని అడిగితే, "నవ్వుకుంటందుకు అయ్యే ఖర్చు కాకా" అన్నాడు.  నలభై నాలుగేళ్లు ఈ పట్నంలో ఎన్ని తట్టలు మోశావని అడిగినవాళ్లే. నీకేం కావాలని ఇంత వివరంగా అడిగిన కాగితాన్ని ఇప్పుడే చూశాను.

ఎడమ పక్క బొంబాయి ఖర్చు. కుడి పక్క ఊరి ఖర్చు. ఎడమది నేను చూసుకుంటాను. కుడిది నువ్వు చెప్పు, నీ కోడలు యాదమ్మతో రాయించు. లచ్చయ్య పంపేది ఎట్లా పోతున్నదో తెలియాలి. పైసా వదలకు.

ఇక చాలు, చెయ్యి నొప్పి.
మొగులయ్య

*

2 ఫిబ్రవరి 1985

అన్నకు,

చెప్పేది నేను అంజమ్మను. రాసేది యాదమ్మ.

నీ ఉత్తరం యాదమ్మ రెండుసార్లు చదివింది. రెండుసార్లు నా పాణం చివుక్కుమన్నది. నా కొడుకు లచ్చన్న పంపేది ఎట్ల పోతున్నదో తెలియాలె అంటివి. నలభై ఏండ్లల్ల నువ్వు నన్ను లెక్క అడగలే. ఇయ్యాల అడిగినవు. ఎవరేం చెప్పిన్రు నీకు? నేనేమన్న పోగులు చేయించుకున్ననా? సంతల మిఠాయి తిన్ననా? వానాకాలంల ఇల్లు ఉరుస్తుంటే గూడ ఎవ్వరి ముందట చెయ్యి చాపని ఇల్లు ఇది.

రాసుకో. జొన్నలు, కార్డు మీద రెండ్రూపాయల బియ్యం, పప్పు, ఉప్పు, మిరపకాయ, దీపంలకు గ్యాస్‌నూనె, సబ్బు, నా కండ్ల మందు, యాదమ్మకు సూదిమందు, అన్నీ కలిపి నెలకు నూట పద్దెనిమిది రూపాయలు. గింతకంటె తక్కువల ఇల్లు నడిపే ఆడది ఈ ఊర్ల ఉంటే చూపియ్యి.

కట్టెలు కొనలే. నీళ్లు కొనలే. కూర కొనలే, చేను గట్టు మీద దొరికేదే. పాలు తాగం. వినోదం అని యాదమ్మ చదివితే నాకు నవ్వొచ్చింది. అదే రాసుకో, నవ్విన, ఖర్చు కాలే.

ఎన్ని రొట్టెలు, ఎంత కూర అని మాత్రం అడగకు. ఇంట్ల తిన్నది లెక్కబెడితే గాదె అడుగు కనిపిస్తదని అమ్మ అనేది. నువ్వు మరిచినవేమో, నేను మరవలే.

అంజమ్మ

మామా, ఇది అత్త చెప్పలేదు, నేనే రాస్తున్నాను. అత్తది కోపం కాదు, భయం. లెక్క సర్కారుకు పోతే బియ్యం కార్డు తీసేస్తారని ఊర్ల అంటున్నారు. నాకు మూడో నెల. ఈ సంగతి ఆయనకు మీరే చెప్పండి. యాదమ్మ.

*

బొంబాయి
5 మార్చి 1985

చెల్లె అంజమ్మకు,

యాదమ్మ సంగతి లచ్చయ్యకు చెప్పాను. వాడు పోయి తల స్నానం చేసి వచ్చి కూర్చున్నాడు.

ముందు ఎడమ పక్క సంగతి. మా ఖానావళి నడిపే రత్నాబాయి నీకు తెలియదు. ఇక్కడ పుట్టిన తెలుగు మనిషి, పది మందికి వండి పెడుతుంది, నాకూ అక్కడే తిండి. ఆమె, నేను రెండు ఆదివారాలు కూర్చుని ఒక్క మగవాడి నెల ఖర్చు రాశాం. తిండికి తొంభై అయిదు. పడుకునే చోటుకు ఇరవై. చాయ, సబ్బు, బీడీ, బస్సు అన్నీ ముప్పై అయిదు. నూట యాభై.

రత్నాబాయి రొట్టెలు లెక్క పెట్టింది. మనిషికి నెలకు రెండు వందల నలభై.

"అగ్గబాయి! ఇరవై ఏండ్ల సంది చేస్తున్న దాదా, ఇయ్యాల్నే ఎరుకైంది" అని పిండి చేతులు చూసుకుంది.

నేను నా నలభై నాలుగేళ్లకు గుణించి చూశాను. లక్షా ఇరవై ఆరు వేలు దాటింది. ఇన్ని రొట్టెలు నా ఒక్కడి లోపలికి పోయాయి. పోయిన నా ఇల్లాలి చేతివి సగం, ఈమె చేతివి సగం. ఒక్కొక్కటీ ఎవరో ఒకరు తట్టి కాల్చిందే.  

ఇక చెడు కబురు. ఇరవై ఏడో తారీకున కమిటీ కూర్చుంది. కంట్రాక్టరు తరఫున తుకారాం వచ్చాడు, వాళ్ల లెక్కలు రాసే మున్షీ. ఫారం చేతిలోకి తీసుకుని గట్టిగా చదివాడు. కుడి పక్క ఎన్నో చోట్ల నేను గీతలు పెట్టాను కదా, నువ్వు కొనలే అన్న చోటల్లా. ఆ గీతల మీద వేలు పెట్టి వేళాకోళం చేశాడు.

"చూడండి సాబ్, గావ్‌ల లకడీ ఫుకట్, పానీ ఫుకట్, భాజీ ఫుకట్! ఇక్కడ మనిషికి నూట యాభై, అక్కడ ఇంటికి నూట పద్దెనిమిది. రెండు వందల అరవై ఎనిమిది. ఇరవై ఆరు దినాల కూలి మేమిచ్చేది రెండు వందల ఎనభై ఆరు. పద్దెనిమిది రూపాయలు మిగులుతున్నయి. ఇంకేం కావాలె వీళ్లకు?"

లెక్క తప్పు లేదు. అందరూ నా వైపు చూశారు. నేను లేచి నిలబడ్డాను. మళ్లీ కూర్చున్నాను.

కమిటీ పెద్ద ఒక ముసలాయన, లావు అద్దాలు. ఊళ్లో అంతా ఊరికే వస్తుందనడానికి రుజువు లేదు, రాదనడానికీ రుజువు లేదు, మే నెలలో మళ్లీ కూర్చుంటాం, ఏదైనా ఉంటే తెండి అన్నాడు.

నీ నూట పద్దెనిమిది మన మెడకు చుట్టుకుంది చెల్లె. పదకొండు దగ్గరే ఆగిపోతే లచ్చయ్య పిల్ల పుట్టినాక కూడా ఇట్లాగే ఉంటాడు. నీళ్లకు ఎన్నిసార్లు పోతావు, కట్టెలకు ఎన్నిసార్లు పోతావు, అది లెక్క పెట్టి పంపు.

మొగులయ్య

*

18 మార్చి 1985

అన్నకు,

నూట పద్దెనిమిది చెప్పింది తప్పయిందా? రెండు వందలని చెప్తే, అంజమ్మ సంసారం గుల్ల చేస్తున్నదని నువ్వనవా? తక్కువ చెప్తే మెచ్చుకుంటవనుకున్న. ఇంటి మర్యాద కాపాడిన అనుకున్న. గదే మెడకు చుట్టుకున్నదంటివి. యాదమ్మ ఆ ముక్క చదివినప్పుడు నేను లేచి వాకిట్లకు పోయిన.

మళ్లొచ్చి కూసున్న. ఫుకట్ అంటే ఏందని యాదమ్మను అడిగిన. ఉత్తగ వచ్చేదట. ఆ తుకారాంకు చెప్పు, ఎండకాలంల మా బాయి దగ్గరికి ఒక్కసారి రమ్మను. బిందె నింపి నెత్తిన పెట్టి పంపిస్త, ఉత్తగనే.

నీ రొట్టెలు లెక్కబెట్టిన ఆమెను ఉప్పు దిగదీసి పొయ్యిల వెయ్యమను. లక్ష రొట్టెలని రాస్తరా ఎవరన్న? దిష్టి తగులుతది.

తిన్నది నేను లెక్కబెట్ట. నడిచింది లెక్కబెడ్త. నాకు రాత రాదు, యాదమ్మ కలుపుకు పోతది, నా ఎంబడి తిరగలేదు. అందుకని పాత చేదతాడు ఒకటి తీసిన. ఉగాది తెల్లారినుంచి నెల దినాలు. నీళ్లకు పోయొస్తే చిన్న ముడి. కట్టెలకు పోయొస్తే పెద్ద ముడి. నెల నిండినంక తాడు నీకు పంపిస్త. ఎట్ల చదువుకుంటరో చదువుకోండ్రి.

అంజమ్మ

*

బొంబాయి
12 మే 1985

చెల్లె అంజమ్మకు,

తాడు అందింది. మన ఊరి పెంటయ్య బొంబాయి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. మూటలో రొట్టెలున్నాయేమో అనుకున్నాడట దారంతా.

మా వరుస గదుల చాల్‌లో నా గది తొమ్మిదో నెంబరు. గదిలో పరచడానికి చోటు చాలలేదు. శంకర్రావు, నేను బయట గ్యాలరీలో పరిచాం. నా గుమ్మం దగ్గర మొదలు పెడితే మెట్ల దగ్గరికి పోయింది. అందరూ బయటికి వచ్చారు. ఇదేమిటని ఒకరు అడిగారు. మా చెల్లె నెల అన్నాను. నీళ్ల బిందెలతో వచ్చే ఆడవాళ్లు తాడును తొక్కకుండా చీర ఎత్తి పట్టుకుని దాటారు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

రత్నాబాయి ఒక కొస నుంచి, నేను ఒక కొస నుంచి లెక్క పెట్టాం. చిన్న ముడులు నూట అరవై రెండు. పెద్ద ముడులు పదమూడు. లచ్చయ్యను అడిగితే బావికి పోయి రావడానికి అర గంట, కట్టెలకు ఆరు గంటలు అన్నాడు. శంకర్రావు కాగితం మీద వేశాడు. ఒకటి తక్కువ నూట అరవై గంటలు. అంటే దినానికి ఎనిమిది గంటల లెక్కన ఇరవై దినాల కూలి. వాడు పెన్సిల్ కింద పెట్టాడు.

"కాకా, ఇది ఆమె కూలికి పోయినంక చేసే పని. దీనికి కూలి లేదు. నెలల ఇరవై దినాలు!"

నేను ఈ చేతులతో ఎన్ని గోడలు కట్టానో చెప్పగలను. నువ్వు ఏం కడుతున్నావో నాకు తెలియలేదు. కట్టింది కట్టినట్టు సాయంత్రానికి అయిపోయి, తెల్లారి మళ్లీ మొదలయ్యే గోడ అది.

తొమ్మిదో తారీకున కమిటీ ముందు బల్ల మీద పరిచాం. బల్ల చాలక రెండు చివరలూ కిందికి వేలాడాయి. మీ ఊళ్లో ఆడకూలి ఆరు రూపాయలు కదా. ఇరవై దినాలకు నూట ఇరవై. నీ నూట పద్దెనిమిది రెండు వందల ముప్పై ఎనిమిది అయింది. తుకారాం నోరు తెరిచాడు. మళ్లీ ఏమనుకున్నాడో, వంగి ఒక ముడి పట్టుకుని విప్పబోయాడు. రాలేదు. నీ ముడి కదా.

కమిటీ పెద్ద లేచి బల్ల చుట్టూ తిరిగాడు. ఒక చోట ఆగి నన్నడిగాడు. అక్కడక్కడా ఎర్రదారం కట్టి ఉంది, తొమ్మిది చోట్ల, ఇదేమిటని. నేను వాటిని అలంకారం అనుకున్నాను. తెలియదన్నాను. తెలియనిది రుజువులో ఉండకూడదు, జూన్ ఇరవై నాలుగున చెప్పండి, అప్పుడు తేలుస్తాం అన్నాడు. తుకారాం మాత్రం, "దొంగ లెక్క సాబ్, తర్వాత కట్టిన్రు" అన్నాడు.

ఆ తొమ్మిది ఏమిటి? వెంటనే రాయి. అది చెప్పలేకపోతే తాడు మొత్తం పోయేట్టుంది.

మొగులయ్య

*

26 మే 1985

అన్నకు,

ఎర్రదారం నేను కట్టలే. నా ఇంట్ల ఎర్రదారం ఎక్కడిది? ఆ తుకారామే కట్టి ఉంటడు, మనల దొంగలను చేసెటందుకు. వాని చేతులల్ల తాడు ఎందుకు పెట్టిన్రు? నెల దినాలు నేను నెత్తి మీద మోసింది వాడు ఒక్క పూటల ఆగం చేసిండు. చెప్పు కమిటీకి, ముడులు నావి, దారం నాది కాదని. తెంపి పారేయమను.

అంజమ్మ

మామా, ఇది అత్త చెప్పలేదు. దారం తెంపనియ్యకండి. కట్టింది నేనే.

 అత్తకు కండ్లు సరిగ్గా కనిపించవు, మూట నేనే కట్టాను, అందుకని తెలియలేదు. అత్త రాత్రి నాకు రొట్టె పెట్టి, తను పొద్దుగూకకముందే తిన్నానంటుంది. కుండ కడిగేది నేను. తిన్నదీ లేనిదీ నాకు తెలుస్తుంది. అట్లా తినని రాత్రికి ఒక ఎర్రదారం కట్టాను. నెలలో తొమ్మిది.

తిన్నది లెక్కపెట్టొద్దని అత్త అన్నది. తిననిది లెక్కపెట్టొద్దని అనలేదు. తప్పయితే క్షమించండి. యాదమ్మ.

*

బొంబాయి
4 జూన్ 1985

అంజమ్మా,

ఇది యాదమ్మ నీకు ఉన్నది ఉన్నట్టు చదవాలి. యాదమ్మా, ఒక్క మాట దాటెయ్యకు.

ఎర్రదారాలు ఏమిటో నాకు తెలిసింది. తుకారాం కట్టలేదు. నీ ఇంట్లోనే కట్టారు. నువ్వు తినని రాత్రులవి. ఆ పిల్లను ఏమీ అనకు. నా మీద ఒట్టు.

ఇరవై నాలుగున నేను కమిటీకి చెప్పాలి. చెబితే మన ఇంటి ఆకలి పది మంది మగవాళ్ల ముందు బల్ల మీద ఉంటుంది. చెప్పకపోతే దొంగ లెక్క అవుతుంది, రేటు పదకొండు దగ్గర ఆగుతుంది. లచ్చయ్యకు ఇంకా చెప్పలేదు. వాడు పద్నాలుగో అంతస్తు మీద నడిచేవాడు. ఇది విని నడవకూడదు.

నువ్వు వద్దంటే చెప్పను. నీ నూట పద్దెనిమిది నాకు ఇప్పుడు అర్థమైంది. నువ్వు చెప్పింది నిజమైన అంకెనే. ఎట్లా నిజమైందో నేను అడగలేదు.

మొగులయ్య

*

13 జూన్ 1985

అన్నకు,

యాదమ్మ ఏడుస్తూ చదివింది. నేను ఏమనలే. రెండు దినాలు మాట్లాడలే, గంతే. మూడో దినం పిలిచి రాయమన్న.

నీకొకటి చెప్త. నువ్వు అయ్యవారి బడికి పోయిన నాలుగేండ్లు యాదికి తెచ్చుకో. అయ్యవారికి నెలకు రెండు శేర్ల జొన్నలు కొలిచేది అమ్మ. అయ్య కూలికి తెచ్చేది ఎంతనో నీకు ఎరుకే. ఆ రెండు శేర్లు ఏడికెల్లి వచ్చినయని నువ్వు ఎన్నడన్న అడిగినవా? నువ్వు తిని, పలక పట్టుకుని పండుకునేటోనివి. నువ్వు పండుకున్నంక అమ్మ నాకు సగం రొట్టె పెట్టి కుండ బోర్లిచ్చేది. నేనడిగితే, పొద్దుగూకకముందే తిన్న బిడ్డా అనేది. నేను గదే నేర్చుకున్న. యాదమ్మకు గదే చెప్పిన.

నీకు అక్షరాలు ఒచ్చింది ఆ జొన్నలతోనే. ఆ అక్షరాలతోనే నువ్వు ఫారం నింపినవ్. ఇప్పుడు చెప్పొద్దని నేనెట్ల అంట?

చెప్పు. నా పేరు మాత్రం చెప్పకు. లచ్చన్నకు నువ్వే చెప్పు, కింద కూసోబెట్టి.

అంజమ్మ

*

బొంబాయి
11 జులై 1985

చెల్లె అంజమ్మకు,

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను తినలేదు. పస్తు ఉండాలని కాదు. రత్నాబాయి రొట్టె పళ్లెంలో పెట్టింది. చేత్తో పట్టుకుని చూస్తూ ఉండిపోయాను. అమ్మ ముఖం తెచ్చుకుందామని చూశాను. చెయ్యే గుర్తుకొచ్చింది, శేరు గిన్నెను అంచుతో సమంగా గీసే చెయ్యి. అయ్యవారికి కొలిచేటప్పుడు మాత్రం గీసేది కాదు, గోపురంగా పోసేది. ఎందుకని నేను అడగలేదు.

ఇరవై నాలుగున కమిటీ కూర్చుంది. లచ్చయ్య కూడా వచ్చాడు. ముందు రోజే కూర్చోబెట్టి చెప్పాను. వాడు నా పక్కన నేల చూస్తూ నిలబడ్డాడు.

పెద్దాయన అడిగాడు. నేను లేచాను.  ఈసారి కూర్చోలేదు. తప్పుల హిందీలోనే చెప్పాను. సాబ్, ఇవి ఒక తల్లి రాత్రి తినని రోజులు, కోడలు తినాలని, పేరు అడగవద్దు అన్నాను. నలభై నాలుగేళ్లలో నేను పది మందిలో మాట్లాడింది ఇదే. 

 ఫ్యాను తిరుగుతుంటే తాడు కొస ఊగింది. పెద్దాయన అద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, తొమ్మిదీ మళ్లీ వేలితో ముట్టి లెక్కపెట్టాడు. దేవుడి గదిలో దీపాలు ముట్టించినట్టు ఒక్కొక్కటే. తరువాత ఫారం తీసి అడిగాడు.

"డెబ్బై రెండు వరుసలున్నాయి. దీన్ని ఏ వరుసలో రాయాలి?"

తుకారామును అడిగాడో, మమ్మల్ని అడిగాడో. ఆయనే కింద గీత గీసి డెబ్బై మూడు అని వేసి ఏదో రాసుకున్నాడు. శంకర్రావు తొంగి చూసి చెప్పాడు. "తినకుండా మిగిల్చినది" అని రాశాడట.

బయటికి వచ్చాక తుకారాం నాకు బీడీ ఇచ్చాడు.

"కాకా, ముందే ఎరుకైతే ఫుకట్ అనకపోదును" అన్నాడు.

 నా అగ్గిపెట్టె ఇచ్చాను.

నిన్న తీర్పు వచ్చింది. పదహారు రూపాయలు, ఆగస్టు ఒకటి నుంచి. పంతొమ్మిది రాలేదు. శంకర్రావుకు చాలా బాధ. నాకు మాత్రం పదహారు అన్న అంకెను చూస్తుంటే అదేదో కొండలాగా ఉంది. ఒక్కొక్క రూపాయి కింద ఎన్ని ముడులున్నాయో నాకు తెలుసు కదా. పాలమూరు గుంపులందరికీ ఇదే రేటట. నిన్ను ఎరగని వాళ్లు నీ తాడు పట్టుకుని ఒక మెట్టు ఎక్కారు.

తాడు తిరిగి ఇమ్మని అడిగాను. కుదరదట. దానికి చీటీ కట్టి నెంబరు వేసి ఫైలు బీరువాలో పెట్టారు. సర్కారు బీరువాలో చేదతాడు. అమ్మ ఉంటే నవ్వేది.

అందుకని ఫాక్‌లాండ్ రోడ్డులో కొత్త తాడు కొన్నాను, నైలానుది. ధర రాయను. లచ్చయ్యకు పది రోజులు సెలవు దొరికింది, వాడితో పంపిస్తున్నాను. యాదమ్మకు నెలలు నిండుతున్నాయి. బావికి ఇక నువ్వు పోవద్దు, ఆ పది రోజులు వాడిని పంపు. నీళ్లు ఎట్లా వస్తాయో వాడికీ తెలియాలి.

మొగులయ్య

*

29 జులై 1985

అన్నకు,

లచ్చన్న వచ్చిండు. తాడు తెచ్చిండు. నీలం రంగు, నున్నగ పాములెక్క ఉన్నది. ఊరందరు వచ్చి పట్టుకుని చూసిన్రు. చూసుడుకే మంచిగున్నది. బిందె బరువుకు చేతులకెల్లి జారుతున్నది. మొదటి దినమే లచ్చన్న అరచేతులు కాలినయి.  లోపట నవ్వుకున్న. వినోదం కింద రాసుకో, ఖర్చు కాలే.

అందుకని జానెడు జానెడుకు ఒక ముడి వేసిన. శంకర్రావుకు చెప్పు, ఇవి లెక్క ముడులు కావు, చేతి పట్టుకు వేసినయి. మళ్ల ఎవరన్న వచ్చి బల్ల మీద పరుచుకుంటమంటే ఇయ్య. నీళ్లు తేవాలె.

యాదమ్మ దగ్గర ఎర్రదారం రీలు ఉంటే గుంజుకున్న. దానితోని పుట్టే బిడ్డకు బొంత కుడుతున్న.

మోకాలికి ఆముదం రాయి.

అంజమ్మ

మామా, ఇది అత్త చెప్పలేదు. రాత్రి ముగ్గురం కలిసి కూర్చుని తిన్నాం. ఎన్ని రొట్టెలో లెక్కపెట్టలేదు. యాదమ్మ.